ఎగుమతులు జీడీపీ కంటే వేగంగా పెరిగితే దేశం ముందుకెళ్తున్నట్టేనా?

"ఒక దేశపు ఎగుమతులు 20 శాతం పెరిగి జీడీపీ 7 శాతమే పెరిగితే, ఆ దేశాన్ని ఎగుమతులే నడిపిస్తున్నట్టు కదా?" అని ఒకరు నన్ను అడిగారు. కాదండీ. నిజంగా నడిపిస్తూ ఉండొచ్చు కూడా, కానీ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఆ సంగతి తేలదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రెడీమేడ్ బట్టలు విదేశాలకు పంపే కంపెనీలో నేను డాక్యుమెంటేషన్ పని చేశాను. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, కస్టమ్స్ కాగితాలు అన్నీ నా టేబుల్ మీదుగానే పోయేవి. టీవీలో గ్రాఫులై ఊరేగే ఎగుమతి లెక్కలు అలాంటి టేబుళ్ల మీదే పుడతాయి.

2010-11లో పత్తి ధర ప్రపంచమంతటా మండిపోయింది. 2011 మార్చికల్లా పౌండు 2 డాలర్లు దాటింది. ఆ ఏడాది లెక్కలు ముగిశాక మా కంపెనీలో మీటింగ్ పెట్టారు. ఎగుమతుల విలువ బాగా పెరిగిందని పెద్ద స్లైడ్, దాని మీద పైకి దూసుకుపోయే బాణం. మేనేజర్ గారు "ఇది మనందరి కష్టం" అన్నారు, చప్పట్లు కూడా పడ్డాయి. వెనక వరసలోంచి మా కటింగ్ మాస్టర్ లేచాడు. నెమ్మదస్తుడు, మామూలుగా మీటింగుల్లో నోరు విప్పడు. "సార్, పోయినేడు ఎన్ని షర్టులు కోశామో ఈ ఏడూ అన్నే కోశాం. మనిషి కూడా కొత్తగా చేరలేదు. మరి పెరిగింది ఏంటి సార్?" అన్నాడు.

మేనేజర్ గారు "అవన్నీ అకౌంట్స్ విషయాలు, తర్వాత మాట్లాడదాం" అని స్లైడ్ మార్చేశారు. ఆ తర్వాత అనేది రాలేదు, ఇంక్రిమెంటు కూడా రాలేదు. అది వేరే బాధ లెండి.

కటింగ్ మాస్టర్ ప్రశ్నకు జవాబు నా ఫైళ్లలో ఉంది. ఏ బట్ట వాడాలో, అది ఏ మిల్లు నుంచి తేవాలో కూడా బయ్యరే, అంటే మా దగ్గర షర్టులు కొనే విదేశీ కంపెనీయే చెబుతుంది. మా ఆర్డర్లలో ఆ మిల్లు ఎక్కువగా ఇంకో దేశంలో ఉండేది. గుండీలు, లేబుళ్లు, లోపల వేసే గట్టి గుడ్డ కూడా బయటి నుంచే. లెక్క తేలిగ్గా ఉండేందుకు షర్టు 10 డాలర్లు అనుకోండి. అందులో 6 డాలర్లు బయటి సరుకుకే పోతే ఇక్కడ మిగిలేది 4. జీతాలు, కరెంటు, అద్దె, ఓనరు లాభం అన్నీ అందులోనే. పత్తి మండి బట్ట ధర 3 డాలర్లు పెరిగితే షర్టు 13 అవుతుంది. కస్టమ్స్ కాగితంలో ఎగుమతి 30 శాతం పెరిగినట్టు పడుతుంది. మాకు మిగిలింది మాత్రం అదే 4.

జీడీపీ లెక్కలోకి వచ్చేది ఆ 4 మాత్రమే. ఎగుమతి లెక్కలో 13 మొత్తం కనిపిస్తుంది. అంటే ఒకటి అమ్మకం విలువ, రెండోది మనం కొత్తగా జోడించిన విలువ. ఈ రెండిటి వృద్ధి శాతాల్ని పక్కపక్కన రెండు స్తంభాలుగా గీసి ఇది గెలిచింది, అది ఓడింది అనడం బస్సు వేగాన్ని టికెట్ ధరతో పోల్చడం లాంటిది.

ఇదేదో బట్టల కంపెనీ గొడవ అనుకోకండి. 2009లో చైనాలో బిగించి పంపిన ఐఫోన్ మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన లెక్క చాలామంది చెప్పుకుంటారు. ఫ్యాక్టరీ గడప దాటేటప్పటికి ఫోన్ ఖర్చు సుమారు 179 డాలర్లు. అందులో చైనా కార్మికుల బిగింపు పనికి దక్కింది ఆరున్నర డాలర్లు. మిగతాదంతా దాదాపుగా జపాన్, జర్మనీ, దక్షిణ కొరియా, అమెరికా లాంటి చోట్ల తయారైన భాగాలకే. ఎగుమతి ఖాతాలో మాత్రం ఫోన్ మొత్తం చైనా పేరు మీదే పడింది.

ఐర్లండ్ కథ ఇంకా విడ్డూరం. 2015లో ఆ దేశపు జీడీపీ 26 శాతం పెరిగిందని ప్రకటించారు. ఎగుమతులు అంతకంటే ఎక్కువ పెరిగాయి. జనం రాత్రికి రాత్రి అంత కష్టపడ్డారా? లేదు. పెద్ద పెద్ద బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్ల లాంటి ఆస్తుల్ని కాగితాల మీద ఐర్లండుకు మార్చుకున్నాయి. వేరే దేశంలో తయారై వేరే దేశంలో అమ్ముడైన సరుకు కూడా ఐర్లండ్ ఎగుమతిగా నమోదైంది. చివరికి అక్కడి గణాంక శాఖే జీడీపీని నమ్ముకుంటే లాభం లేదని 2017లో ఇంకో కొలమానం తెచ్చుకుంది.

ఇక ధరల సంగతి. పేపర్లో వచ్చే నెలవారీ ఎగుమతుల వృద్ధి మామూలుగా డాలర్లలో, ఆనాటి ధరల్లో ఉంటుంది. జీడీపీ వృద్ధి అని చెప్పేదేమో సొంత కరెన్సీలో, ధరల పెరుగుదల తీసేశాక మిగిలింది. చమురు అమ్మే దేశాల్లో ఒక్క చుక్క ఎక్కువ తోడకుండానే ఎగుమతులు రెట్టింపు కావచ్చు. దానికి తోడు బేస్ ఒకటి, అంటే దేనితో పోల్చి శాతం కడుతున్నామో ఆ కిందటేటి అంకె. 2021 ఏప్రిల్‌లో భారత్ సరుకుల ఎగుమతులు ఏడాది కిందటితో పోలిస్తే దాదాపు మూడింతలయ్యాయి. ఎందుకో వేరే చెప్పాలా? 2020 ఏప్రిల్ అంతా లాక్‌డౌన్. అయినా "రికార్డు వృద్ధి" అని హెడ్డింగులు పెట్టారు. ఈ రికార్డు అనే మాటను కొన్నాళ్లు నిషేధిస్తే బాగుంటుందని నాకు చాలాసార్లు అనిపించింది.

సరే, మరి ఎలా పోల్చాలి? జాతీయాదాయ లెక్కల్లో ఎగుమతుల్ని కూడా స్థిర ధరల్లో, అంటే ధరల పెరుగుదల తీసేసి ఇస్తారు, సేవల్ని కలిపి. అది తీసుకోండి. ఆ వృద్ధిని కిందటేడు జీడీపీలో ఎగుమతుల వాటాతో గుణించండి. వాటా 20 శాతం, వృద్ధి 10 శాతం అయితే జీడీపీ వృద్ధిలో 2 శాతం పాయింట్లు అటునుంచి వచ్చాయన్నమాట. అదీ పైపైన చూస్తేనే, ఎందుకంటే ఆ సరుకులో కలిసిన దిగుమతుల్ని ఇంకా తీసేయాలి. సింగపూర్ ఎగుమతులు జీడీపీలో 150 శాతం దాటుతాయి. అక్కడ ఈ తీసివేత చేయకపోతే లెక్కకు అర్థమే లేదు. అమెరికాలో వాటా సుమారు 11 శాతం. ఒకే 10 శాతం వృద్ధి ఈ రెండు చోట్లా ఒకటి కాదు కదా.

కొందరు ఎగుమతి వృద్ధిని జీడీపీ వృద్ధితో భాగించి "1.8 రెట్లు" అని చెబుతారు. జీడీపీ వృద్ధి సున్నా దగ్గరికి వచ్చిన ఏడాది ఆ భాగహారం చేసి చూడండి, వచ్చిన అంకె మీకే నవ్వు తెప్పిస్తుంది. వాటా తగ్గితే పతనం అనుకోవడం కూడా తొందరపాటే. చైనా ఎగుమతులు 2006లో జీడీపీలో 36 శాతం దాకా ఉండేవి, 2019కి 20 కంటే కిందికి వచ్చాయి. ఈ మధ్యలో చైనా చితికిపోయిందా ఏమిటి? దేశం లోపలి మార్కెట్, పెట్టుబడులు అంతకంటే వేగంగా పెరిగాయి, అంతే.

నన్నడిగితే చూడాల్సింది ఎగుమతుల్లో మన దగ్గర ఎంత విలువ కలిసిందనేదే. ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సంస్థ), డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) కలిసి 2013 నుంచి ఆ లెక్కలు వేస్తున్నాయి, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. చిక్కేమిటంటే, ఏ దేశం ఏ పరిశ్రమ నుంచి ఎంత కొన్నదో పట్టికలన్నీ సర్దేసరికి అవి కొన్నేళ్లు వెనకబడి వస్తాయి. కస్టమ్స్ అంకె అయితే నెల తిరగ్గానే తయారు. సాయంత్రం చర్చకు మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టుకున్న ఛానల్ ఏది వాడుతుందో మీరే ఊహించుకోండి.