ట్యాంకులో సీసా ఒంపే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు కొన్న పాత డీజిల్ పికప్ బండి మిట్ట ఎక్కేటప్పుడు ఈడుస్తోందనీ, నల్లపొగ వదులుతోందనీ, ఎవరో ఇంజిన్ కండిషనర్ అంటూ ట్యాంకులో పోసే మందు రెండు సీసాలు చేతిలో పెట్టారనీ మీ అమ్మ చెప్పింది. వాటి మూతలు ఇంకా తీయలేదట, మంచి పని చేశావు. ఫోనులో చెబితే సగం మరచిపోతావని రాస్తున్నాను. ఈ కాగితం బండిలోనే ఉంచుకో.

నెల్లూరులో నలభై ఏళ్లు లారీల షెడ్డు నడిపాను. ఈ మందుల మీద నాకు పగ లేదు. కొన్ని నిజంగా పనిచేస్తాయి, నేనే వాడాను. కానీ మంచి మందు చేయగలిగింది మురికిని కడగడం వరకే. అరిగిన పిస్టన్ రింగును, కాలిన వాల్వును, డీజిలు చిమ్మే పాడైన నాజిలును ఏ సీసా బాగుచేయలేదు. అందుకని నీ బండిలో ఏది మురికి పట్టిందో, ఏది అరిగిందో ముందు తేల్చుకోవాలి.

నల్లపొగ అంటే డీజిలు సరిగా కాలడం లేదని అర్థం. చాలాసార్లు దానికి కారణం గాలి చాలకపోవడమే. నీ బండి మొదట చీమకుర్తి గ్రానైటు క్వారీల దగ్గర తిరిగిందని విన్నాను. అక్కడి రాతిపొడి తగిలిన ఎయిర్ ఫిల్టరు ఎన్నాళ్లో నిలవదు. దాన్ని బయటికి తీసి వెలుతురుకు పట్టి చూడు. మడతల మధ్య వెలుతురు కనిపించకపోతే దులిపి మళ్లీ పెట్టొద్దు, కొత్తది వెయ్యి. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో గొట్టాలకు పగుళ్లున్నాయేమో వేళ్లతో తడిమి చూడు. ఇంజిన్ వేడెక్కాక కూడా నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్డు గాస్కెట్టును అనుమానించు. ఈ రెండింటికీ సీసా మందు లేదు, మేస్త్రి దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక నీళ్ల సంగతి. నువ్వు రొయ్యల చెరువుల దగ్గర డ్రమ్ముల్లోంచి డీజిలు పోయించుకుంటావని తెలిసింది కాబట్టి ఇది కాస్త పొడుగ్గానే రాస్తాను.

తెల్లవారి బండి కదపకముందు, డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న చిన్న మరను వదులు చేసి, తేటగా కనిపించే గాజు సీసాలోకి గ్లాసెడు దించు. మళ్లీ బిగించి, సీసాను గట్టు మీద పది నిమిషాలు కదపకుండా పెట్టు. మంచి డీజిలైతే అడుగుదాకా ఒకే రంగులో ఉంటుంది. నీళ్లు ఉంటే అడుక్కి చేరి, మధ్యలో గీత గీసినట్టు విడిపోతాయి. ఆ గీత దగ్గర నల్లటి జిగట పోగులు తేలుతున్నాయంటే సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని అర్థం. చెరువులో పాచి పట్టినట్టే, నీటికీ డీజిలుకూ మధ్య అవి పడతాయి. ఫిల్టరును పూడ్చేది ఆ జిగటే.

అల్లూరు వైపు ఒక చెరువు గట్టున జనరేటరు ఇలాగే మాటిమాటికీ ఆగిపోయేది. మూడు రకాల మందులు పోశారు, రెండుసార్లు నాజిళ్లు మార్చారు. నేను వెళ్లేసరికి డీజిల్ డ్రమ్ము ఎండకూ వానకూ ఆరుబయట నిలబడి ఉంది, దాని మూత మీద వాననీళ్లు నిలిచి ఉన్నాయి. పగటి ఎండకు లోపలి గాలి ఉబ్బి బిరడా సందులోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే డ్రమ్ము తిరిగి ఊపిరి పీల్చుకుంటుంది, పైన నిలిచిన నీళ్లను కూడా దాంతోపాటు లోపలికి లాక్కుంటుంది. గొట్టం అడుగుదాకా దించి తోడిస్తే మొదటి బకెట్టు నిండా నీళ్లే. డ్రమ్మును నీడలో పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే మట్టంలో అడ్డంగా ఉండేలా తిప్పి ఉంచమన్నాను. ఆ డ్రమ్ములోంచి ఇంజిన్‌కు మళ్లీ నీళ్లు రాలేదు. నువ్వు డీజిలు తీసుకునే చెరువుల దగ్గర కూడా ఇది చెప్పు. వాళ్లు వినకపోతే బంకులోనే పోయించుకో.

నీళ్లను మాయం చేస్తామనే మందుల విషయంలో జాగ్రత్త. వాటిలో కొన్ని నీటిని సన్నటి తుంపరలుగా చేసి డీజిలులో కలిపేస్తాయి. అప్పుడు ఫిల్టరు దగ్గర ఆగాల్సిన నీరు నాజిలు ఉండే ఇంజెక్టరు దాకా వెళుతుంది. నీ ఇంజిన్ కామన్ రైల్ రకం, అంటే డీజిలును గట్టి ఒత్తిడితో ఒకే గొట్టంలో నిలిపి అన్ని ఇంజెక్టర్లకూ పంచేది. దానిలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటిపోగలదు, నాజిలు రంధ్రం మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అంత సన్నని పనిముట్టుకు నీళ్లు తగిలితే ఖర్చు నువ్వు భరించలేవు. నీళ్లు ఉంటే మర విప్పి దించెయ్యి, ట్యాంకు కడిగించు.

ఫిల్టర్లు మార్చి, నీళ్లు దించాక కూడా బండి ఈడుస్తుంటే, అప్పుడు ఇంజెక్టర్లను కడిగే డిటర్జెంటు మందు ఒకసారి వాడు. నీ దగ్గరున్న సీసాల మీద ఏం రాసుందో చదువు. కామన్ రైల్ ఇంజిన్లకు పనికొస్తుందని స్పష్టంగా ఉండాలి. చలికి డీజిలు గడ్డకట్టకుండా చేసే మందు అని ఉంటే తిరిగి ఇచ్చెయ్యి. లడఖ్‌లో దానితో పని ఉంటుంది గానీ నెల్లూరు ఎండల్లో దానితో మనకేం పని? డీజిలులో జిడ్డు చాలదు, టూ స్ట్రోక్ ఆయిలు కలపమని చెప్పే డ్రైవర్లు ఉంటారు, వినొద్దు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధన వచ్చాక డీజిలులో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది, దాంతో సహజమైన జిడ్డూ తగ్గింది. ఆ లోటు పూడ్చే మందు డీజిలు బంకుకు చేరేలోపే కలుస్తుంది. పైగా పొగ వడపోత ఉన్న కొత్త బండ్లలో ఆ ఆయిలు బూడిద వడపోతలో పేరుకుపోతుంది.

బావగారి పెట్రోలు కారుకు పాలీఈథర్ అమీన్ అనే మురికి కడిగే రసాయనం ఉన్న మందు అయితే ఇంజెక్టర్లకూ, ఇంజిన్ లోపలి కార్బనుకూ బాగా పనిచేస్తుంది. ఆయిలు మార్చడానికి కాస్త ముందు వాడమను, ఎందుకంటే కొంత మందు ఆయిలులోకి దిగుతుంది. పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్మే ఇంజిన్లలో మాత్రం ఇన్‌లెట్ వాల్వుల కార్బను దీనితో పోదు, వాటిని విప్పి శుభ్రం చేయించాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండిలో నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగితే మందుతో మళ్లీ కలవవు, ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. మీ ఆవిడ స్కూటరులో సీసా మొత్తం ఒంపొద్దు. ట్యాంకు ఐదు లీటర్లే, సీసా కారు ట్యాంకుకు లెక్కేసి చేసింది. సిరంజితో కొలిచి పొయ్యండి.

లోపలి మడ్డిని కడగడానికి ఇంజిన్ ఆయిలులో పోసే ఫ్లష్ గురించి ఒక్క సంగతి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, ఆయిలు సరిగా మార్చని ఒక లారీకి నేనే ఫ్లష్ పోశాను. ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడింది. ఆయిల్ దీపం వెలిగిందని డ్రైవరు చూసుకునేలోపే బేరింగులు పట్టేశాయి. ఆ యజమానికి అది ఒక్కటే లారీ. బేరింగుల ఖర్చు నేనే పెట్టుకున్నాను గానీ, నెల రోజులు ఆయన చేతులు కట్టుకుని మా షెడ్డులో కూర్చోవడం ఇప్పటికీ మరచిపోలేను. నీ బండికి పాత యజమాని ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చాడో తెలియదు. కాబట్టి ఫ్లష్ వద్దు. మంచి ఆయిలు పోసి, మూడు వేల కిలోమీటర్లకే ఒకసారి మార్చి, ఇంకో మూడు వేలకు మళ్లీ మార్చు. మడ్డి మెల్లగా దిగిపోతుంది.

ఆదివారం బండి తీసుకుని నెల్లూరు రా. ఆ రెండు సీసాలూ, ఫిల్టరులోంచి దించిన గాజు సీసా కూడా తెచ్చుకో. కొత్త ఫిల్టరు కొనేటప్పుడు దానితో వచ్చే రబ్బరు రింగు ఉందో లేదో చూసుకో. పాత రింగు మళ్లీ వేస్తే గాలి పీల్చి, స్టార్టు కాకుండా మొరాయిస్తుంది.

మీ మామయ్య