రోజూ జీడిపప్పు తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందా?

పెరగదండీ. మాది పలాస పక్క ఊరు, జీడిపప్పుని ఎవరైనా ఒక మాటంటే ఊరుకోలేను. కొలెస్ట్రాల్ ఉండేది మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి లాంటి వాటిలో. చెట్టుకి కాసిన పిక్కలోకి అదెలా వస్తుంది? కొవ్వు మాత్రం ఉంది, వంద గ్రాముల్లో 44 గ్రాముల దాకా. అందులో ఎక్కువ భాగం ఆలివ్ నూనెలో ఉండే రకమే. 18 గ్రాముల మాంసకృత్తులు, బోలెడు మెగ్నీషియం కూడా ఉన్నాయి. 550 కేలరీలు ఉన్నాయి కాబట్టి గుప్పెడుతో ఆపాలి, అంతే. నేతిలో వేయించి, ఉప్పూకారం చల్లి, టీవీ ముందు డబ్బా ఖాళీ చేసి, నేరం పప్పు మీదికి తోస్తే ఎలా? కాలిఫోర్నియా నుంచి ఓడెక్కి వచ్చే బాదంకి ఉన్న మర్యాద మా జీడికి లేదు.

కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి తినండి, ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ.

అసలు అడగాల్సింది ఏ పప్పు కొనాలని. ప్యాకెట్ మీద డబ్ల్యూ 180, 240, 320 అని ఉంటుంది చూడండి, అది పౌనుకి, అంటే 454 గ్రాములకి ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయన్న లెక్క. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది, ధర తక్కువ. బద్దలు, ముక్కలు ఇంకా చవక. ఒంటికి పట్టేది అన్నిట్లో ఒకటే.

గుండు విరగకుండా బయటికి రావడానికి ఎంత కష్టముందో మా పిన్ని చేతులు చూస్తే తెలుస్తుంది. కాశీబుగ్గలో ఒక ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. పెంకులో ఉండే జీడి రసం తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. నూనె, బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్ల సందుల్లోకి దిగిపోతుంది. ఏళ్ల తరబడి కొట్టేసరికి వేళ్ల కొసలు నల్లగా, నున్నగా అయిపోయాయి, గీతలే లేవు. రేషన్ దుకాణానికి వేలిముద్రల మిషన్ వచ్చాక ఆమెకి తిప్పలు మొదలయ్యాయి. ఓసారి నేనూ వెంట వెళ్లాను. బొటనవేలు పెట్టింది, పట్టలేదు. చూపుడు వేలు, అదీ పట్టలేదు. కొంగుకి తుడిచింది, తలకి రాసుకుంది, కాస్త జిడ్డు అంటితే పడుతుందని ఎవరో చెప్పారట. డీలరు "సబ్బుతో కడుక్కుని రామ్మా" అన్నాడు. వెనక లైన్లో ఎవరో నవ్వారు. "కడిగితే పోద్దేటి బాబూ, ఇది జీడి" అని వరసగా వేళ్లన్నీ పెడుతూ పోయింది. చివరికి ఎడమచేతి ఉంగరం వేలు పట్టింది.

ఇప్పుడు కొట్టడానికి మిషన్లు వచ్చాయి గానీ, పొర తీసేదీ గ్రేడ్లు ఏరేదీ ఇంకా ఎక్కువగా ఆడవాళ్లే. పిన్ని ఇంట్లో పాయసంలోకైనా పులిహోరలోకైనా బద్దలే. నేనూ అవే కొంటాను.

ఇంకోటి, "మాకు పచ్చి జీడిపప్పే కావాలి, వేడి తగలనిది" అంటూ రెట్టింపు ధర పెట్టేవాళ్లున్నారు. పెంకు తీయడానికి ముందే పిక్కని కాలుస్తారు, లేదా ఆవిరి పెడతారు. ఆ తర్వాత బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, ఆరబెడితేగానీ పొర ఊడదు. వేడి తగలని పప్పు మా ఊళ్లోనే దొరకదు, మీ సూపర్ మార్కెట్‌కి ఎక్కడినుంచి వచ్చింది?

"పలాస పప్పు" అని కొంటున్నదాంట్లోనూ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ లాంటి చోట్ల నుంచి దిగిన పిక్కలు కలుస్తుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి తోటల్ని నేలమట్టం చేసింది. కొత్త మొక్క పెట్టి నిండు కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది. 80 కిలోల బస్తాకి గిట్టుబాటు ధర కోసం రైతులు రోడ్డెక్కుతూనే ఉన్నారు.

మీరు ఆరోగ్యం అన్నారు కాబట్టి, పిక్క పైన ఉండే జీడి పండు సంగతి కూడా చెప్పాలి. విటమిన్ సి నారింజలో కన్నా చాలా ఎక్కువ. గోవాలో దాన్ని పిండి ఫెనీ అనే సారా కాస్తారు, మా దగ్గర పిక్క తిప్పి తీసుకుని పండుని చెట్టు కిందే వదిలేస్తారు. ఏప్రిల్లో ఇటు వస్తే ఒకటి కోసుకుని, ఉప్పు అద్దుకుని తినండి. గొంతు గరగరలాడితే నన్ను అనొద్దు.