మీ మూడేళ్ల పరీక్షలో 2020 మార్చి ఏది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇందుకూరుపేట దగ్గర మా ఊరు. నెల్లూరులో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. జీతం 42 వేలు, ఇంటి ఖర్చు 32 వేలు. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న నా మీదే ఆధారం. నిఫ్టీ ఫ్యూచర్స్‌కు (నిఫ్టీ షేర్ల సూచీ మీద, కొంత డబ్బే కట్టి పెద్ద విలువకు చేసుకునే ఒప్పందాలు) మూవింగ్ యావరేజ్‌లతో, అంటే గత కొన్ని రోజుల సగటు ధరలతో, ఒక సిస్టం తయారుచేసి 2021 నుంచి 2023 వరకు డేటాతో బ్యాక్‌టెస్ట్ చేశాను, అంటే పాత ధరల మీద నడిపి చూశాను. నలభై సెట్టింగ్‌లు మార్చి చూస్తే ఒకదానిలో నెలకు సగటున 4 శాతం లాభం కనిపించింది. నగలు కుదవపెట్టి 10 శాతానికి 4 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చి మొదలుపెడదామనుకుంటున్నాను. బ్యాంకులో 35 వేలు ఉన్నాయి. మూడేళ్ల డేటా సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు ఎక్కువ వస్తున్నాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

నలభై సెట్టింగ్‌లలో ఒకటి బాగా కనిపించడం విశేషం కాదు. అన్నీ ఒకే డేటా మీద చూసి నెగ్గినదాన్ని ఏరుకున్నారు. అది ఆ మూడేళ్లకు కొలిచి కుట్టిన చొక్కా. సెట్టింగ్ ఎంచుకోవడానికి వాడని సంవత్సరాల మీద, ఒక్క అంకె కూడా మార్చకుండా నడిపి చూడండి. ముగింపు ధరతో సిగ్నల్ తీసి అదే ముగింపు ధరకు కొన్నట్టు లెక్క వేశారేమో కూడా చూడండి; ఆ ధర తేలేసరికి మార్కెట్ మూసేసి ఉంటుంది. ఫ్యూచర్స్ అమ్మకంపై 0.0125 శాతం ఉన్న ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను) 2024 అక్టోబరులో 0.02 అయింది; ఇప్పటి రేటు ఎంతో చూసుకోండి. ఆ పాత డేటాకు ఇప్పటి ఖర్చులు కలపాలి.

అసలు లోటు వేరే ఉంది, మీ డేటాలో 2020 మార్చి లేదు. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో 13 శాతం పడింది. 10 శాతం పడగానే 45 నిమిషాలు ట్రేడింగే ఆగిపోయింది. చేతిలో 18 లక్షల విలువైన ఫ్యూచర్స్ కొని ఉన్నవాళ్లకు ఆ రోజు నష్టం 2 లక్షల 34 వేలు. మీ 6 లక్షల్లో మూడో వంతుకు పైనే. ఆ నెలలోనే కాలేజీలు మూతపడ్డాయి, లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడాది ప్రైవేటు లెక్చరర్ల జీతాలు ఏమయ్యాయో నాకంటే మీకే బాగా తెలుసు. మార్కెట్ పడటం, జీతానికి గండి పడటం రెండూ ఒకే ఏడాదిలో జరిగాయి. మూడు పంటలు బాగా వచ్చాయి కదా, నాలుగో పంటకు వైట్‌స్పాట్ తెగులు రాదులే అని మీ మండలంలో ఏ రొయ్యల రైతైనా ధీమాగా ఉంటాడా?

మీ బ్యాక్‌టెస్ట్‌లో ఇల్లే లేదు. నాన్నను ఆసుపత్రిలో చేర్చి మధ్యలో లక్ష తీసిన నెల ఆ డేటాలో ఒక్కటీ ఉండదు. సిస్టం నష్టంలో ఉండగా డబ్బు తీస్తే, అది తర్వాత కోలుకున్నా మీకు దక్కేది ఉండదు. 35 వేలంటే మీ ఇంటికి ఒక నెల గ్రాసం. ఆరు నెలల ఖర్చు, అంటే 1 లక్షా 92 వేలు, ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో చేరేవరకు ట్రేడింగ్ మాటే వద్దు. నెలకు మిగిలే 10 వేలూ అక్కడికే పోవాలి. పదహారు నెలల్లో నిండుతుంది. వేసవిలో మీ కాలేజీ జీతం ఇవ్వకపోతే ఆ రెండు నెలల ఖర్చు కూడా కలుపుకోండి.

ఇక అప్పు. నగల మీద ఏడాదికి 40 వేలు, చేతి అప్పు మీద 48 వేలు, మొత్తం 88 వేల వడ్డీ. సిస్టం ఏడాదికి దాదాపు 15 శాతం తెస్తే మీరు సున్నా దగ్గర నిలబడతారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లు నూటికి 93 మంది నష్టపోయారని 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది. అలాంటిచోటికి భార్య నగలు తీసుకెళ్తారా? ఇది నాకు ఏమాత్రం మింగుడుపడటం లేదు.

అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా, మీకు టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే చూడండి. సిస్టం మీద మమకారం ఉంటే నిధి నిండేదాకా కాగితం మీదే నడపండి, రోజూ ధర రాసుకోండి. ఆ 2 లక్షలకు ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.