గాలానికి గుచ్చితే వానపాముకి నొప్పి తెలుస్తుందా?

గాలానికి గుచ్చుతుంటే వానపాము మెలికలు తిరిగిపోతుంది కదా, అంటే దానికి నొప్పి తెలుస్తున్నట్టేనా అని మీ ప్రశ్న. మెలికలు తిరగడం ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు. కాలే పెనం తగిలితే మన చెయ్యి ముందు వెనక్కొచ్చేస్తుంది, మంట ఆ తర్వాత తెలుస్తుంది. ఆ మొదటి పని వెన్నుపాముది, దాన్నే రిఫ్లెక్స్ అంటారు.

అందుకే పరిశోధకులు వేరే దాని కోసం చూస్తారు: బాధకీ లాభానికీ మధ్య ఆ జీవి బేరం వేసుకుంటుందా అని. ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండే పీతల మీద ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్‌వుడ్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగం నాకు భలే ఇష్టం. గుల్లలోకి చిన్నపాటి కరెంటు షాక్ ఇచ్చారు. నచ్చని గుల్లలో ఉన్నవి ఎక్కువగా బయటికొచ్చేశాయి, నచ్చిన గుల్ల దొరికినవి ఓర్చుకున్నాయి. నీళ్లలో శత్రువు వాసన తగిలినా అంతే, గుల్ల వదలడానికి వెనకాడాయి. ఒట్టి రిఫ్లెక్స్ అయితే ఇల్లు బాగుందో లేదో చూసుకోదు!

ఇంకా సరళమైన జీవి కావాలంటే సి. ఎలిగాన్స్ ఉంది. మిల్లీమీటరు పురుగు, 302 న్యూరాన్లు (నాడీ కణాలు). అవి ఒకదానితో ఒకటి ఎలా అల్లుకున్నాయో చూపే పటం 1986లోనే వచ్చింది. తిండితో ముడిపడిన వాసనని అది గుర్తుపెట్టుకుంటుంది కూడా. అయినా ఆ పటంలో అనుభవం ఇదిగో ఇక్కడుంది అని వేలు పెట్టి చూపించినవాళ్లు లేరు. మన మెదడులో మాత్రం చూపించారా ఏంటి!

జంతువుల స్పృహ మీద 2024లో వచ్చిన న్యూయార్క్ ప్రకటనలో శాస్త్రవేత్తలు ఆక్టోపస్‌లు, పీతలు, కీటకాలకు స్పృహ ఉండే అవకాశం నిజంగానే ఉందన్నారు. వానపాము పేరు అందులో లేదు. నా అంచనా అడిగితే, దానికి ‘నేను’ అనే ఆలోచన ఉండదు కానీ, ఏదో బాగోలేదన్న లీలామాత్రపు అనుభూతి ఉండొచ్చు. పందెం కాయమంటే మాత్రం కాయను.