నీ పెట్టె ఎలా ఉంటుంది?

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం మొన్న చేరింది. మొదటిసారి మామూలు పాఠకురాలిలా చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నీ మొదటి విదేశీ ప్రయాణం, అదీ ఒంటరిగా, మధ్యలో అంత పెద్ద ఎయిర్‌పోర్టులో విమానం మారడం. దాన్ని రాయాలనిపించడమే నాకు సంతోషం.

పదకొండు పేజీల్లో ఒకే ఒక్క వాక్యం కింద గీత గీశాను. అది తొమ్మిదో పేజీలో ఉంది: "దిగాక లగేజీ రాలేదు, కాస్త టెన్షన్ పడ్డాను, మర్నాడు సాయంత్రానికి తెచ్చి ఇచ్చారు." ఆ తర్వాత పేరాలో మళ్లీ నువ్వు మధ్యలో చూసిన షాపుల వెలుగుల దగ్గరికి వెళ్లిపోయావు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఉండిపోయాను. తెలియని దేశంలో రాత్రిపూట లగేజీ బెల్టు ముందు నిలబడ్డ పిల్ల కనిపించింది. నీతో దిగినవాళ్లంతా ఎవరి పెట్టెలు వాళ్లు తీసుకుని ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. బెల్టు ఖాళీగా తిరిగి తిరిగి ఆగింది. ఇదంతా నా ఊహ, నువ్వు రాయలేదు. నువ్వు రాయాల్సింది నేను ఊహించుకోవాల్సి వచ్చింది.

ఎందుకు దాటేశావో అర్థం చేసుకోగలను. పెద్ద ఎయిర్‌పోర్టు గురించి అనగానే దాని పెద్దతనమే రాయాలనిపిస్తుంది. ఎన్ని టెర్మినళ్లు, ఎన్ని గేట్లు, ఏడాదికి ఎన్ని కోట్ల మంది. సింగపూర్ చాంగీ వెళ్లినవాళ్లయితే 2019లో తెరిచిన జువెల్ భవనంలో 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం గురించి రాస్తారు. అది నిజంగా అద్భుతమే, రాయొద్దని అనను. కానీ ఆ 40 మీటర్లు ఎవరు రాసినా 40 మీటర్లే. నీ వ్యాసంలో మొదటి మూడు పేజీల లెక్కలూ అలాంటివే. నువ్వు ప్రయాణం చేయకపోయినా అవి నీకు దొరికేవి.

నా సంగతి ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందటిది. రెండు విమానాల మధ్య నాకు గంటా పది నిమిషాల వ్యవధి ఉండాలి. మొదటి విమానం ఆలస్యంగా దిగింది. చేతిసంచి భుజాన వేసుకుని పరుగెత్తాను. గేటు మూసేలోపు చేరాను. నా పెట్టె చేరలేదు. ఎందుకో అప్పుడు నాకు తెలియదు, తర్వాత తెలుసుకున్నాను. చెకిన్ కౌంటర్లో మన పెట్టెకు చుట్టే కాగితపు పట్టీ మీద పది అంకెల నంబరు ఉంటుంది. దాన్ని స్కానర్లు చదువుతూ, మన కాళ్ల కింద ఎక్కడో నడిచే బెల్టుల మీద పెట్టెను ఒక విమానం నుంచి ఇంకో విమానానికి పంపుతాయి. ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కడానికి కనీసం ఎంత సమయం కావాలో ప్రతి పెద్ద ఎయిర్‌పోర్టుకూ ఒక లెక్క ఉంటుంది. ఆ సమయం తగ్గితే మనిషి పరుగెత్తగలడు. పెట్టె మాత్రం దింపేవాళ్లు దింపాలి, బండి మీద వేయాలి, స్కానర్ చదవాలి, మళ్లీ ఎక్కించేవాళ్లు ఎక్కించాలి. పరుగెత్తి గెలిచానని సీట్లో కూర్చుని ఊపిరి పీల్చుకున్నానే, అప్పటికి నా పెట్టె ఆ ఎయిర్‌పోర్టులోనే ఉండిపోయింది.

దిగాక లగేజీ కౌంటర్‌కి వెళ్లాను. నువ్వూ వెళ్లే ఉంటావు. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా ముందు ఒక అట్ట పెట్టింది. దాని మీద వరుసగా రకరకాల పెట్టెల బొమ్మలు, ఒక్కో బొమ్మకీ ఒక నంబరు, పక్కన రంగుల గళ్లు. ఏ దేశంలో దిగినా దాదాపు ఇదే చార్టు చూపిస్తారు. మాట అర్థం కాకపోయినా వేలు పెట్టి చూపించవచ్చు కదా. "మీ పెట్టె ఎలా ఉంటుంది?" అని అడిగింది.

"నల్లది, మధ్యరకం" అన్నాను.

ఆ అమ్మాయి విసుక్కోలేదు. చక్రాలు రెండా, నాలుగా? బట్టదా, గట్టి ప్లాస్టిక్‌దా? జిప్పు ఉందా, బయట జేబు ఉందా? పిడికి ఏదైనా కట్టారా? నా పెట్టెను ఆరేళ్లుగా వాడుతున్నాను. ముందు రోజు రాత్రి నా చేతులతోనే సర్దాను. అయినా సగానికి సగం జవాబులు నా దగ్గర లేవు. చివరికి అడిగింది, "మూత తెరవగానే పైన ఏముంటుంది?" అని. అప్పుడు గుర్తొచ్చింది. బైండింగు ఊడిపోయిన నోటుపుస్తకం ఒకటి, కాగితాలు చెదిరిపోకుండా రెండు రబ్బరు బ్యాండ్లు అడ్డంగా వేసి పెట్టాను. ఆ అమ్మాయి అది కూడా టైపు చేసుకుంది.

పెట్టె నాలుగో రోజు వచ్చింది. పట్టీ ఎక్కడో చిరిగిపోయిందట. పేరూ నంబరూ లేని నల్ల పెట్టెల మధ్య ఉంటే తెరిచి చూశారు. రబ్బరు బ్యాండ్ల నోటుపుస్తకం పైనే కనిపించింది. నల్లది, మధ్యరకం అన్న మాటలతో అది దొరికేది కాదు.

ఇన్నేళ్లుగా ఏం రాస్తున్నా ఆ కౌంటర్ నాకు గుర్తొస్తూనే ఉంటుంది. "విశాలమైన", "అత్యాధునిక", "కళ్లు చెదిరే" అని రాసినప్పుడల్లా ఆ అమ్మాయి మళ్లీ అడుగుతున్నట్టుంటుంది, చక్రాలు రెండా నాలుగా అని. నీ వ్యాసం నిండా నల్ల పెట్టెలే ఉన్నాయమ్మా. వాటి మూత తెరువు.

రెండో పేజీలో ఒక చోట నన్ను బాధపెట్టావు. "పెద్ద బోర్డు మీద అక్షరాలు టపటపా మారుతున్నాయి" అని రాశావు. అది నువ్వు విన్న చప్పుడు కాదు, ఎక్కడో చదివిన చప్పుడు. పలకలు తిరిగే ఆ బోర్డులను ఒకప్పుడు ఇటలీలో ఊడినే అనే ఊళ్లోని సొలారి కంపెనీ తయారుచేసి ప్రపంచమంతా పంపింది. వాటి చప్పుడు వినగానే జనం తలెత్తి చూసేవారు. ఇప్పుడవి చాలా చోట్ల లేవు. చాంగీ రెండో టెర్మినల్‌లో ఉన్నవాటిని కూడా 2020లో తీసేశారు. నువ్వు చూసినవి తెరలు. వాటి మీద గేటు మారితే చప్పుడేమీ ఉండదు, మనం చూడకపోతే మనకు తెలియనే తెలియదు. ఆ చప్పుడు లేకపోవడం వల్లే కదా నువ్వు పదేపదే లేచి తెర దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. అది రాసి ఉంటే నీ అవస్థ నాకు తెలిసేది.

సెక్యూరిటీ దగ్గర నీ సీసా తీసి పడేశారని కోపంగా రాశావు. కోపం ఉండనీ, అది నీదే. కానీ "ఏదో రూలట" అని వదిలేయకు. 2006 ఆగస్టులో, సీసాల్లో ద్రవాల రూపంలో పేలుడు పదార్థాలు తీసుకెళ్లి విమానాలను కూల్చాలన్న కుట్రను బ్రిటన్ పోలీసులు పట్టుకున్నారు. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా ఉండకూడదన్న నియమం అక్కడి నుంచి వచ్చింది. లోపల ఎంత మిగిలిందన్నది చూడరు, సీసా ఎంతదో చూస్తారు. అందుకే అడుగున కొంచెమే ఉన్నా నీది పోయింది. కొత్త రకం స్కానర్లు వచ్చిన కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ఇప్పుడు సడలిస్తున్నారు. ఇది తెలిశాక ఆ దృశ్యం మళ్లీ చూడు. చెప్పులు విప్పి, జేబులు ఖాళీ చేసి, నీ బతుకులోని చిన్న చిన్న వస్తువులన్నీ ఒక ప్లాస్టిక్ ట్రేలో పెట్టి ముందుకు తోశావు. నీ వెనక వంద మంది అదే చేస్తున్నారు. ఎవరో ఎప్పుడో చేయబోయిన పనికి ఇంతమంది రోజూ ఇలా నిలబడుతున్నారు. కోపంతో పాటు ఇంకేదైనా అనిపిస్తుందేమో చూసుకో. అనిపించకపోతే కోపమే రాయి, లేనిది తెచ్చిపెట్టుకోవద్దు.

నాలుగో పేజీలో పెద్దావిడ ఒకరు బోర్డింగ్ పాస్ నీ చేతికిచ్చి గేటు ఎక్కడని అడిగారు. నువ్వు చూపించి వచ్చేశావు. మూడు లైన్లు! ఆవిడ పాస్ మీద ఏ సమయం చూసుకుంటున్నారు? బోర్డింగ్ సమయమా, విమానం బయల్దేరే సమయమా? గేటు బయల్దేరే సమయానికి మూయరు, అంతకు ముందే మూసేస్తారు. కొత్తవాళ్లు పొరబడేది అక్కడే. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో 1967 నుంచి దారి చూపే బోర్డులకు పసుపు రంగు వాడుతున్నారు, ఎంత జనంలోనైనా కంటికి తగలాలని. అంత ఆలోచించి పెట్టిన బోర్డులున్న చోట కూడా మనిషి పక్క మనిషినే అడుగుతాడు. ఆవిడ అంతమందిలో నిన్నే ఎందుకు అడిగారో నాకు తెలుసుకోవాలనుంది.

నడక గురించి, ఎదురుచూపు గురించి నువ్వు రాసింది బాగుంది. "నడుస్తున్నంతసేపు ధైర్యంగా ఉంది, కూర్చోగానే భయమేసింది" అన్నావు. అది నిజమైన వాక్యం. హ్యూస్టన్ ఎయిర్‌పోర్టు గురించి చాలామంది చెప్పే సంగతి ఒకటుంది. లగేజీ ఆలస్యమవుతోందని ప్రయాణికులు ఫిర్యాదు చేస్తుంటే, పనివాళ్లను పెంచారు. ఫిర్యాదులు ఆగలేదు. అప్పుడు విమానాలు ఆగే గేట్లనే దూరంగా మార్చారు. జనం ఎక్కువసేపు నడిచి బెల్టు దగ్గరికి వచ్చేసరికి పెట్టెలు సిద్ధంగా ఉండేవి. ఫిర్యాదులు దాదాపు పోయాయి. కాళ్లకు పనుంటే మనసు ఓర్చుకుంటుందని నీకు అక్కడే, నీ అంతట నువ్వే తెలిసింది. ఆ వాక్యాన్ని ఏడో పేజీ మధ్యలో దాచిపెట్టకు.

ఇక చివరి పేజీ. పారిస్ చార్ల్స్ ద గాల్ ఎయిర్‌పోర్టులో 1988 నుంచి 2006 వరకు బతికిన మెహ్రాన్ కరీమీ నాసెరీని తెచ్చి ముగించావు. కాగితాలు సరిగా లేక మొదటి టెర్మినల్‌లో చిక్కుకుపోయాడు. ఎన్నో ఏళ్లు బెంచీ మీదే పడుకుని, డైరీ రాసుకుంటూ గడిపాడు. 2022లో మళ్లీ ఆ ఎయిర్‌పోర్టులోనే చనిపోయాడు. ఆయన దుఃఖం చాలా పెద్దది. నీ ఒక్క రాత్రి టెన్షన్‌కి బరువు కోసం దాన్ని అరువు తెచ్చుకోవడం నాకు సరిగా అనిపించలేదు. ఆయన గురించి రాయాలనుంటే విడిగా, పూర్తిగా తెలుసుకుని రాయి. ఇక్కడ తీసెయ్యి.

మళ్లీ నీ పెట్టె దగ్గరికి వస్తాను. మర్నాడే వచ్చింది కాబట్టి ఇంటికి వచ్చి రాసేటప్పుడు నీకు అది చిన్న విషయంలా కనిపించింది. కానీ ఆ రాత్రి నీకు అది తెలియదు. కౌంటర్లో ఫారం నింపాక పది అక్షరాల రిఫరెన్స్ ఇస్తారు కదా, ముందు ఎయిర్‌పోర్టు కోడు, తర్వాత ఎయిర్‌లైన్స్ కోడు, చివర అయిదు అంకెలు. ఆ చీటీ ఎక్కడ పెట్టుకున్నావు? ఎన్నిసార్లు తీసి చూశావు? 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం రావాల్సిన రోజు నుంచి 21 రోజులు దాటినా పెట్టె రాకపోతే, పోయినట్టే లెక్కగట్టి ప్రయాణికుడు పరిహారం అడగవచ్చు. 21 రోజులు! నువ్వు గడిపింది అందులో మొదటి రాత్రి. ఆ రాత్రిని రాసేటప్పుడు, మర్నాడు సాయంత్రం ఏం జరిగిందో నీకు తెలియనట్టే రాయి. ఎయిర్‌పోర్టు ఎలా పనిచేస్తుందో తెలుసుకో, బాగా తెలుసుకో. కానీ కథ చివర తెలిసినదానిలా రాయకు.

జపాన్‌లో కన్సాయ్ ఎయిర్‌పోర్టు ఉంది. సముద్రంలో కట్టిన దీవి మీద 1994లో తెరిచారు. అక్కడ 30 ఏళ్లలో ఒక్క పెట్టె కూడా పోలేదని చెబుతారు. నాకు అంతకంటే నచ్చింది ఇంకొకటి. అక్కడి పనివాళ్లు బెల్టు మీద పెట్టెలు పెట్టేటప్పుడు పిడి ప్రయాణికుల వైపు ఉండేలా తిప్పి పెడతారు. అలసిపోయి వచ్చినవాళ్లు చెయ్యి చాస్తే చాలు, అందాలని. ఎవరూ చూడని చోట నిలబడి ఎవరో తెలియని వాళ్ల చేతి గురించి ఆలోచించే మనిషి ఒకరున్నారని తెలిసినప్పటి నుంచి, బెల్టు మీద పెట్టె తీసుకునే ప్రతిసారీ ముందు పిడి ఎటుందో చూస్తాను.

మొదటి మూడు పేజీలు తీసేసి, బెల్టు ఆగిన దగ్గర నుంచి మొదలుపెట్టి ఇంకోసారి రాసి పంపు. పెద్దావిడను ఉంచు. ట్రేను ఉంచు. తొందరేమీ లేదు, నెల పట్టినా పర్వాలేదు. కానీ ఒక్క విషయానికి మాత్రం అంతవరకూ ఆగలేను, వెంటనే ఒక కార్డు ముక్క మీదైనా రాసి పడెయ్యి. నీ పెట్టె మూత తెరిస్తే పైన ఏముంది?

ఆశీస్సులతో,
నీ అక్షరాల కోసం ఎదురుచూసే పెద్దదాన్ని