పెరుగుదల వేరు, నిల్వ వేరు

చి. మానసకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటే అడవులు, గడ్డిభూములు దాచుకునే కార్బన్ ఏమవుతుందన్న అంశం మీద పరిశోధనకు దిగుతున్నావని చదివి చాలా సంతోషించాను. మట్టితోనే ఉద్యోగమంతా గడిపినదాన్ని కాబట్టి మొదటి ఏడాది ఏం చదవాలో, ఏం కొలవాలో చెప్పమన్నావు. నాకు తెలిసినంత రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

"కార్బన్ డయాక్సైడ్ మొక్కకు ఆహారం. అది పెరిగితే మొక్క పెరుగుతుంది, మొక్క పెరిగితే నేలలో నిల్వ పెరుగుతుంది" అని రాశావు. ఆకు ఎక్కువ కార్బన్ పడుతుందన్నది గట్టి మాటే. మొక్క పెరుగుతుందా అన్నది చోటును బట్టి ఉంటుంది. నిల్వ పెరుగుతుందన్న మాటను మాత్రం కొలవకుండా నమ్మకు. ఈ మూడింటినీ విడివిడిగా చూడటం ఇప్పటినుంచే అలవాటు చేసుకో.

ఆకు సంగతి త్వరగా తేల్చేస్తాను. కార్బన్‌ను పట్టే రూబిస్కో ఎంజైము ఒక్కోసారి కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అలా జరిగినప్పుడల్లా మొక్కకు నష్టమే. చుట్టూ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే ఆ నష్టం తగ్గుతుంది. పత్రరంధ్రాలు అంతగా తెరుచుకోనక్కర్లేదు కాబట్టి నీరూ ఆదా అవుతుంది. మొక్కజొన్న, జొన్నలాంటి సీ4 మొక్కలు ఆకులో ముందే కార్బన్ డయాక్సైడ్‌ను పోగు చేసుకుంటాయి కాబట్టి వాటికి లాభం తక్కువని పుస్తకాల్లో ఉంటుంది. అది కూడా గుడ్డిగా పట్టుకోకు. అమెరికాలో మిన్నెసోటాలోని సీడర్ క్రీక్ గడ్డిభూమికి అదనంగా కార్బన్ డయాక్సైడ్ ఇచ్చి చూసిన ప్రయోగంలో మొదటి పన్నెండేళ్లు సీ3 గడ్డే, అంటే ఆ పోగుచేసే ఏర్పాటు లేని రకమే, లాభపడింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో తిరగబడింది, సీ4 గడ్డి ముందుకొచ్చింది. మూడేళ్ల ప్రయోగం చూసి ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఈ ప్రయోగం గుర్తు చేసుకో.

ఇక భూగోళం మొత్తం లెక్క. పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 280 పాళ్లు, ఉండేది. 1958లో చార్ల్స్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద కొలతలు మొదలుపెట్టేనాటికి 315 దగ్గర ఉంది, ఇప్పుడు 420 దాటింది. మనం వదిలినదంతా గాలిలోనే ఉండిపోతే ఇంతకంటే చాలా ఎక్కువ ఉండేది. దాదాపు 30 శాతం నేల మీది మొక్కలు, మట్టి తీసుకుంటున్నాయి, ఇంచుమించు పావు వంతు సముద్రం తీసుకుంటోంది. నేల చేస్తున్న మేలు చిన్నది కాదు. కానీ అదంతా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్లనే అని రాయకు. ఒకప్పుడు నరికిన అడవులు మళ్లీ పెరగడం, గాలి నుంచి రాలుతున్న నత్రజని, చలి దేశాల్లో పెరుగుదల కాలం పొడుగవడం కూడా అందులో కలిసి ఉన్నాయి.

ఇంకో విషయం చూడు. కిరణజన్య సంయోగక్రియ ద్వారా నేల మీది మొక్కలు ఏడాదికి సుమారు 12,000 కోట్ల టన్నుల కార్బన్ పడతాయి. మొక్కల శ్వాస, సూక్ష్మజీవుల శ్వాస, మంటలు, అన్నీ కలిసి దాదాపు అంతా తిరిగి వదిలేస్తాయి. నికరంగా నేలకు మిగిలేది 300 కోట్ల టన్నుల దరిదాపు. వచ్చేది పెద్దది, పోయేదీ పెద్దదే, మిగిలేది చిన్నది. వచ్చేదాన్ని ఒక్కదాన్నే కొలిచి నిల్వ గురించి తీర్పు చెబితే తప్పు అక్కడే జరుగుతుంది.

చదవడం మొదలుపెట్టేటప్పుడు డ్యూక్, ఓక్ రిడ్జ్ ప్రయోగాలను పక్కపక్కన పెట్టుకుని చదువు. రెండూ అమెరికాలోవే, రెండూ ఫేస్ (FACE) అనే, ఆరుబయటే కార్బన్ డయాక్సైడ్ పెంచే పద్ధతిలో చేసినవే. అద్దాల గదులేమీ ఉండవు. అడవిలోనే చెట్ల గుంపు చుట్టూ గొట్టాలను వలయంగా నిలబెట్టి, గాలి వాలు చూసుకుంటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. డ్యూక్‌లో పైన్ చెట్లు. అక్కడ అదనంగా పట్టిన కార్బన్‌లో ఎక్కువ భాగం కలపలోకి వెళ్లింది. ఓక్ రిడ్జ్‌లో స్వీట్‌గమ్ చెట్లు. అక్కడ మాత్రం చాలావరకు సన్నటి పీచు వేళ్లలోకి వెళ్లింది. నేలలో పారదర్శకమైన గొట్టాలు పాతి, వాటిలోకి చిన్న కెమెరా దించి వేళ్లను చూశారు. ఆ వేళ్ల ఉత్పత్తి రెట్టింపు దాటింది, అదీ లోతు పొరల్లో ఎక్కువగా. పై నుంచి చూస్తే రెండు చోట్లా చెట్లు ఎక్కువ కార్బన్ పడుతున్నట్టే ఉంటుంది. కలపలో చేరినది దశాబ్దాల పాటు ఉంటుంది, పీచు వేరులో చేరినది ఆ వేరు చచ్చేదాకానే. ఆ తర్వాత అందులో ఎంత కుళ్లి గాలిలో కలిసింది, ఎంత బంకమట్టి రేణువులకు అంటుకుని నిలిచింది అన్నదే అసలు ప్రశ్న. ఏ ప్రయోగం చదివినా, అదనపు కార్బన్ మొక్కలో ఏ భాగంలోకి వెళ్లిందో వెతుకు.

ఓక్ రిడ్జ్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 2001-2003 నాటికి అక్కడ పెరుగుదల మామూలు చెట్ల కంటే 24 శాతం ఎక్కువగా ఉండేది. 2008కి అది 9 శాతానికి దిగింది. కారణం నత్రజని చాలకపోవడం. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గరి యూకలిప్టస్ అడవిలో భాస్వరం తక్కువ. అక్కడి చెట్లు 12 శాతం ఎక్కువ కార్బన్ పట్టాయి గానీ నిల్వ పెరగలేదు. అదనంగా వచ్చినదాంట్లో సగం దాకా మట్టి శ్వాస (నేలలోని వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్) ద్వారానే గాలిలోకి వెళ్లిపోయిందని 2020లో లెక్క తేల్చారు. ముదురు అడవులు ఇక స్పందించవని దీన్ని చూసి తీర్మానించేయకు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగంలో వందేళ్లు ఎప్పుడో దాటిన ఓక్ చెట్లు ఏడేళ్లలో దాదాపు 10 శాతం ఎక్కువ కలప పెంచాయి. కాబట్టి నీ ప్లాట్లలో నత్రజని, భాస్వరం ఎంతున్నాయో మొదటి ఏడాదే కొలిపించు. వేళ్లతో జత కట్టిన శిలీంధ్రాలు ఏ రకమో కూడా తెలుసుకో. వేరు చుట్టూ తొడుగులా పెరిగే రకం శిలీంధ్రాలున్న చెట్లు, నత్రజని తక్కువున్న నేలలోనూ దాన్ని తవ్వి తెచ్చుకోగలుగుతున్నాయి. వేరు కణాల్లోకి చొచ్చుకునే రకంతో జత కట్టిన మొక్కలకు అంతగా సాధ్యపడటం లేదు.

ఆ తవ్వి తెచ్చుకోవడం దగ్గరే నేల కథ మలుపు తిరుగుతుంది. ఎక్కువ ఆహారం దొరికిన మొక్క వేళ్ల నుంచి చక్కెరలు నేలలోకి వదులుతుంది. వాటితో బలపడిన సూక్ష్మజీవులు పాత సేంద్రియ పదార్థాన్ని విరగ్గొట్టి నత్రజని బయటికి తీస్తాయి, దాంతోపాటు ఎప్పటినుంచో నిలిచి ఉన్న కార్బన్ కూడా ఊడిపోతుంది. 2021లో సెసార్ టెరెర్ అనే పరిశోధకుడి బృందం, కార్బన్ డయాక్సైడ్ పెంచి చేసిన 108 ప్రయోగాలను కలిపి చూసింది. మొక్కలు బాగా పెరిగిన చోట నేల కార్బన్ తగ్గుముఖం పట్టింది, మొక్కలు ఓ మోస్తరుగా పెరిగిన చోట నేల కార్బన్ పెరిగింది. గడ్డిభూముల నేలల్లో 8 శాతం పెరుగుదల కనిపిస్తే, అడవుల నేలల్లో సగటున మార్పే కనిపించలేదు. పచ్చదనాన్ని చూసి నేల గురించి ఊహించవద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

ఇప్పుడు నీ చేతి పని. నమూనా తీసే మట్టి గొట్టాన్ని నేలలోకి దించేటప్పుడు పైనున్న ఆకుల పొరను విడిగా తీసి సంచిలో పెట్టు, మట్టిలో కలపకు. గొట్టం బయటికి తీశాక లోపలి మట్టి దిమ్మె పొడవును కొలువు. గొట్టం దిగిన లోతు కంటే తక్కువ వచ్చిందంటే మట్టి లోపల నొక్కుకుపోయిందన్నమాట, ఆ నమూనా పక్కన పెట్టేయ్. 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టేముందు కూర్చుని ఫోర్సెప్స్‌తో వేళ్లు ఏరు. ఒక్కో నమూనాకు ఇంత సమయమని పెట్టుకుని అన్నిటికీ అదే పాటించు. లేకపోతే సోమవారం ఏరిన మట్టికీ, అలసిపోయి శనివారం ఏరిన మట్టికీ తేడా వస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్ ప్రభావంలా కనిపిస్తుంది.

బల్క్ డెన్సిటీ, అంటే ఒక ఘన సెంటీమీటరులో ఎంత బరువు ఎండు మట్టి ఉందన్నది, ప్రతి ప్లాటులోనూ నువ్వే కొలువు. ఏ పట్టికలోంచో తెచ్చి పెట్టకు. వేళ్లు ఎక్కువైన నేల గుల్లబారుతుంది, అదే 30 సెంటీమీటర్ల లోతులో మట్టి తక్కువ పడుతుంది. అందుకే సమాన లోతుకు కాకుండా సమాన బరువు మట్టికి లెక్క కట్టడం మంచిది.

ఒక లెక్క వేసి చూపిస్తాను. బల్క్ డెన్సిటీ 1.3 గ్రాములు, కార్బన్ 2 శాతం, లోతు 30 సెంటీమీటర్లు అనుకో. చదరపు మీటరుకు 7.8 కిలోల కార్బన్. దీనికి ఏడాదికి 30 గ్రాములు చేరినా అది అర శాతం కూడా కాదు. అడుగు దూరంలో తీసిన రెండు నమూనాల మధ్యే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. అందుకని ఒక్కో ప్లాటులో వీలైనన్ని చోట్ల తవ్వు, మొదటి ఏడాది మట్టిని ఎండబెట్టి సీసాల్లో పేర్లు రాసి భద్రం చెయ్. పదేళ్ల తర్వాత వచ్చేవాళ్లు ఆ మట్టినీ అప్పటి మట్టినీ ఒకే యంత్రంలో కొలవగలగాలి. ఇంతకంటే విలువైనది ఏ విద్యార్థీ ల్యాబుకు వదిలి వెళ్లలేడు.

కార్బన్-13, అంటే మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన రకం, దాని గురించి అడిగావు. ప్రయోగాల్లో వాడే గ్యాస్ చాలా చోట్ల శిలాజ ఇంధనం నుంచి వస్తుంది, దాంట్లో కార్బన్-13 తక్కువ. అందుకే కొత్తగా నేలలో చేరిన కార్బన్‌ను గుర్తుపట్టవచ్చు. చాలా మంచి పద్ధతి. అయితే కొత్తది ఎంత వచ్చిందో అది చెబుతుంది గానీ, పాతది ఎంత పోయిందో కూడా చూడకుండా నికర లాభం తేలదు. పైగా మామూలు గాలి ఉన్న ప్లాట్లలో ఆ గుర్తు ఉండదు, పోల్చడానికి వేరే దారి ముందే ఆలోచించి పెట్టుకో.

నీ ఫలితాలు బయటికి వచ్చాక, "అడవులే చూసుకుంటాయి, పొగ తగ్గించక్కర్లేదు" అని వాటిని వాడుకునేవాళ్లు ఉంటారు. వేడి, కరవు, కార్చిచ్చు కూడా కార్బన్ డయాక్సైడ్‌తో పాటే పెరుగుతున్నాయని, అవి నిల్వను తినేస్తాయని వ్యాసంలో స్పష్టంగా రాయి. త్వరగా పెరిగిన చెట్లు త్వరగా చచ్చిపోవడం చాలా జాతుల్లో కనిపిస్తోందని కూడా రాయి. నిజాయితీగా చేసిన కొలతను ఎవరూ పక్కదారి పట్టించకుండా చూడటం కూడా నీ పనే అనుకో.

నమూనాలు తీయడం మొదలుపెట్టకముందే ప్లాట్ల పటం, ఎన్ని చోట్ల తవ్వుతావో, ఎంత లోతుకు వెళ్తావో రాసి పంపించు. 30 సెంటీమీటర్ల దగ్గరే ఆగాలని మీ గైడ్ అంటే, కనీసం కొన్ని ప్లాట్లలోనైనా మీటరు దాకా వెళ్లనివ్వమని మర్యాదగా అడుగు. ఓక్ రిడ్జ్ వేళ్ల సంగతి చెబితే ఆయన కాదనరు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ