మనవాడే కదా అని సంతకం పెట్టకు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఎమ్మెల్యేగా నిలబడుతున్నావని, కో-ఆపరేటివ్ బ్యాంకు పాలకవర్గంలోకీ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఎన్నికల సంగతి నీకు తెలిసిందే. ఖర్చుకు వేరే ఖాతా తెరువు, 40 లక్షలు దాటకు, ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పు. గెలిచినా లాయరు ప్రాక్టీసు మానక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకులో ఉత్త డైరెక్టరుగా ఉండు. మేనేజింగ్ డైరెక్టరు పదవికి ఇటు మన లాయర్లకి నియమాలు పెట్టే బార్ కౌన్సిలూ ఒప్పుకోదు, ఎమ్మెల్యే అయితే అటు రిజర్వు బ్యాంకూ ఒప్పుకోదు.

నా భయమంతా ఆ బ్యాంకు గురించే. మా కోర్టు లాయర్లలో ఒక సీనియర్ ఉండేవారు. క్రాస్ ఎగ్జామినేషన్‌కి ఆయన లేస్తే జూనియర్లందరం పని మానుకుని వెళ్లి కూర్చునేవాళ్లం. ఆయనా నీలాగే బ్యాంకు డైరెక్టరయ్యారు. ఎన్నికల్లో తన వెంట తిరిగినవాళ్లకి లోన్లు ఇప్పించారు. వాళ్లు తనఖా పెట్టే ఆస్తుల హక్కు సరిగ్గా ఉందని చెప్పే లీగల్ ఒపీనియన్ కూడా తన ఆఫీసు నుంచే వెళ్లేది. ఆస్తి మీద తనఖాలూ అమ్మకాలూ చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) పూర్తిగా తీయించలేదు, ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, అవే లింకు డాక్యుమెంట్లు, చూడలేదు. మనవాడే కదా అని సంతకం పెట్టేశారు. తీరా చూస్తే ఒక స్థలం అప్పటికే వేరేచోట తనఖాలో ఉంది. బాకీలు మొండిపడ్డాయి. ఒకరోజు బ్యాంకు షట్టరు దించేశారు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆ మెట్ల మీదే కూర్చుంది. ఉద్యోగం వదిలినప్పుడు వచ్చిన సొమ్మంతా అందులోనే ఉంది. "లాయరుగారు ఉన్నారనే వేశాను బాబూ" అంది నాతో. ఏం చెప్పను? అప్పట్లో డిపాజిట్‌కి ఇన్సూరెన్సు లక్షే. ఇప్పుడు 5 లక్షలు, అంతకు మించింది దేవుడి దయ.

ఆ నమ్మకం మన వృత్తికి ఊరికే రాలేదు. 1906లో మంగళూరులో అమ్మెంబళ సుబ్బారావు పై అనే లాయరు పెట్టిన నిధే కెనరా బ్యాంకు అయింది. అదే ఏడాది మద్రాసులో జనం డబ్బు దాచుకున్న అర్బత్‌నాట్ అనే బ్యాంకింగ్ కంపెనీ దివాలా తీస్తే, లాయరు కృష్ణస్వామి అయ్యర్ పూనుకుని మరుసటేడాదికల్లా ఇండియన్ బ్యాంకును నిలబెట్టారు.

కాబట్టి నీ క్లయింటుదో, నీ వెంట తిరిగే కార్యకర్తదో లోను ఫైలు వస్తే మీటింగులోంచి లేచి బయటికి వచ్చెయ్యి. వచ్చినట్టు మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, రాయించు. ఒపీనియన్ వేరే లాయరు చేత ఇప్పించు. మొహమాటపడ్డావో నేనే వచ్చి నలుగురిలో చీవాట్లు పెడతాను.

వేళకి తిను నాన్నా, ప్రచారం టెన్షన్‌లో బీపీ మాత్రలు మర్చిపోకు. నామినేషన్ అఫిడవిట్ వేసేముందు నాకోసారి పంపు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా తిరస్కరించే ప్రమాదం ఉంది, కూర్చుని చదివి పెడతాను.

పెదనాన్న